స్టేషను మాస్టరుగారి రాక

పిలువగానే వచ్చువారు కొందఱు, పిలువకున్నను వచ్చువారు కొందఱు. ఈ రెండు తెగలవారి వలన గృహస్థు నేర్చుకొనవలసినది స్వల్పమే. ఎన్నిమారులు పిలిచినను రానివారే మన యింటి గుణదోషములను మనకు తెలియజేయువారు. ఈ మాటను మేము పెద్దల గ్రంథములలో చదివి తెలిసికొనలేదు. గత వేసవిలో మా తొమ్మిదేండ్ల మనుమరాలు సెల్‌ఫోనులో ఆడుకొనిన యొక పిల్లుల యాటవలన తెలిసికొంటిమి.

చదువరులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి, పిదప విసుగుకొంటిమి. సెలవులకు వచ్చిన పిల్ల పుస్తకము ముట్టక యీ గాజుపలకను చూచుచు కూర్చుండుట మాకు కంటగింపుగా నుండెను. “ఏమున్నదే దానిలో?” యని గద్దించి చేతిలోనుండి తీసికొని చూచితిమి. చూచిన పిదప మఱి తిరిగి యియ్యలేకపోతిమి.

ఆ యాట పేరు నెకో అట్సుమే. జపాను భాషలో దానికి పిల్లులను ప్రోగుచేయుట యని యర్థము. హిట్-పాయింట్ అను జపాను సంస్థ 2014లో దీనిని వెలువరించెను. మఱుసటి యేట నింగ్లీషులోను వచ్చెను. వ్రాత సాగక కుమిలిపోవు నొక రచయిత కథగా 2017లో దీనినిబట్టి జపానులో చలనచిత్రమును గూడ తీసిరి. ఆటలో నొక యిల్లును, దాని ముంగిట నొక చిన్న పెరడును ఉండును. గిన్నెలో మేత పెట్టవలెను. బంతియో, దిండో, అట్టపెట్టెయో పెరటిలో నుంచవలెను. మన పని యంతియే. పిల్లిని పిలుచుటకు మీట లేదు. పట్టుటకు వల లేదు. ఉంచుటకు బోను లేదు. అంతకన్న వింత యేమనగా, మనము చూచుచు కూర్చుండగా పిల్లి రాదు. ఫోను మూసి మన పనులు మనము చూచుకొనవలెను. మరల తెఱచునప్పటికి ఏ పిల్లియో వచ్చి యాడుకొనుచుండును. లేదా వచ్చిపోయిన గుర్తుగా వెండిచేపలనో బంగారుచేపలనో విడిచి పోయియుండును. ఆ చేపలే యచ్చట ధనము. పలుమారు వచ్చి చనువు కలిగిన పిల్లి తన జ్ఞాపకముగా నొక చిన్న వస్తువు నిచ్చును.

తెల్లపిల్లులు, నల్లపిల్లులు, చారలపిల్లులు సులభముగనే వచ్చును. ఉన్న మేతయంతయు నొక్కటియే తినివేసి కదలక కూర్చుండు లావుపాటి పిల్లియు నొకటి కలదు. అరుదైన పిల్లుల సంగతి వేఱు. వానిలో పెక్కింటికి తమకు ప్రీతియైన యొకానొక వస్తువుండును. అది లేని పెరటిలో నెంత మంచి మేత పెట్టినను అవి యడుగిడవు. మా మనుమరాలు కోరుచుండినది తలపై రైలువారి టోపీ ధరించిన పిల్లిని. జపానువారు దానికి పెట్టిన పేరునకు స్టేషను మాస్టరుగారని యర్థము. అట్టతో చేసిన రైలుబండి యున్నగాని యాయన రాడు. ఆ బండిని బంగారుచేపలతో కొనవలెను. పెరటిలో పెద్దచోటును దానికై విడువవలెను.

ఈ టోపీ కేవలము కల్పన కాదు. జపానులోని వకయామ ప్రాంతమున కిషి యను చిన్న స్టేషనుకు 2007 జనవరిలో తామా యను మూడురంగుల ఆడపిల్లిని స్టేషను మాస్టరుగా నియమించిరి. అంతకు కొలది యేండ్ల ముందు ఆదాయము చాలక మూతపడనుండిన రైలుదారి యది. టోపీ పెట్టుకొని కూర్చున్న తామాను చూచుటకు జనులు దూరప్రాంతములనుండి రాసాగిరి. 2015 జూనులో నది మరణింపగా ఘనముగా అంత్యక్రియలు జరిపిరి. ఆ టోపీని చూచినప్పుడెల్ల మాకు తామాయే జ్ఞప్తికి వచ్చుచుండెను.

పెద్దవారము గనుక మనుమరాలికి సలహా చెప్పక యుండలేకపోతిమి. “మేలైన మేత పెట్టవే, ఎవరైనను వచ్చెదరు” అంటిమి. ఆ పిల్ల మా మాట కాదనలేక పది దినములు చేపలన్నియు మేతకే వెచ్చించెను. ఊరి పిల్లులన్నియు వచ్చి తిని పోయినవి. స్టేషను మాస్టరుగారి జాడ లేదు. పదునొకండవ నాడు పిల్ల మామీద విసుగుకొని, “రైలు పెట్టకుండా స్టేషను మాస్టరు ఎందుకొస్తాడు తాతయ్యా? మనకిష్టమైంది పెడితే మనమే తినాలి” అనెను.

తరువాత తానే చేపలు కూడబెట్టి, ఒక దిండును తీసివేసి చోటు చేసి, అట్టరైలును పెట్టెను. మేము గడియకొకసారి ఫోను తెఱచి చూచుచుంటిమి. పిల్ల దానిని లాగుకొని “చూస్తూ కూర్చుంటే రాడు తాతయ్యా!” యని కోప్పడెను. మూడవనాడు మేము స్నానము చేసి వచ్చునప్పటికి పిల్ల గంతులు వేయుచుండెను. టోపీ పెట్టుకొని, రైలుబండిలో కూర్చుండి, స్టేషను మాస్టరుగారు వేంచేసియుండిరి.

పిల్ల నవ్వుచుండెను గాని మాకు నవ్వు రాలేదు. రైలు పెట్టకుండ ఎందుకు వచ్చునన్న మాట చెవిలో మ్రోగుచుండెను.

మాకొక కుమార్తె కలదు. ఆరేండ్ల క్రిందట తనతో నుద్యోగము చేయు వేఱొక కులపు చిన్నవానిని, 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము ననుసరించి రిజిస్ట్రారు ఎదుట వివాహమాడినది. ముప్పదియేండ్లుగా సభలలో కులభేదములు కూడవని యుపన్యసించినవారము మేము. ఇట్టి పత్రికలలో ఆ విషయముననే వ్రాసినవారము. కావున శపింపలేదు, తలుపు మూయలేదు. అది మా ఘనతయే యనుకొంటిమి. ఉత్తరములు వ్రాయు నలవాటు మాకింకను పోలేదు; ప్రతి సంక్రాంతికిని రమ్మని వ్రాసితిమి. అమ్మాయి రాలేదు. పొగరనుకొంటిమి.

ఆ యుత్తరములలో నేమి వ్రాసితిమో యిప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొంటిమి. పెద్దకుమార్తెకు వ్రాయునప్పుడు ‘చి. సౌ.’ యని మొదలుపెట్టువారము, ఈ పిల్లకు ‘చి.’ తో సరిపుచ్చితిమి. చివర అల్లునికి ఆశీస్సులను మాట లేదు. పైగా ‘బంధువులు వెళ్లిన పిమ్మట వచ్చిన తీరికగా నుండు’నని యొక వాక్యము. అరిసెలు చేయించితిమనియు, నీ గది యట్లే యున్నదనియు వ్రాసితిమి. మంచి మేత పెట్టితిమి. రైలు మాత్రము పెట్టలేదు. భర్తకు పీట లేని పంక్తిలో భార్య వచ్చి భుజించునని యెట్లు తలచితిమో!

సాటి సంస్కారప్రియులకు మా యనుభవమునుబట్టి యొక మాట. మనలో ననేకులు తలుపు మూయకుండుటయే యౌదార్యమని భ్రమపడుచున్నాము. తలుపు తెఱచియుండుట వేఱు, చోటు కలిగియుండుట వేఱు. మనము మాఱక, మన పెరడు మాఱక, వచ్చువారే మాఱి రావలెనని కోరుట పిలుపు కాదు, పరీక్ష. మఱియొకటి గూడ చెప్పవలెను. ఆటలోని పిల్లికి నిన్నటి కొఱత జ్ఞప్తియుండదు. రైలు పెట్టిన మూడవనాడే వచ్చి కూర్చుండును. మనుష్యునకు జ్ఞాపకముండును. ఆరేండ్ల లోపమును ఒక్క యుత్తరముతో తీర్చితిమనుకొనుట మఱియొక యహంకారము.

అయినను ఉత్తరము వ్రాసితిమి. ‘చి. సౌ. అమ్మాయికిని, చి. అల్లునికిని’ అని యారంభించితిమి. బంధువులందఱు ఇంటనుండు దినములలోనే, ఇరువురును రావలెనని కోరితిమి. తప్పు మాదని యొక వాక్యములో వ్రాసితిమి. వ్రాసినదానిని మా గృహిణికి చదివి వినిపింపగా ఆమె యేమియు పలుకక లోపలికి పోయి బీరువా తెఱచెను. అడుగు అరలో ఆఱు జతల క్రొత్త పంచెలుండెను. ఏటేట సంక్రాంతికి పెద్దల్లునితోపాటు చిన్నల్లునికిని కొని, మాకు చెప్పక దాచియుంచినదట. రైలును ఆమె ఆఱుమారులు కొనెను. పెరటిలో పెట్టనీయనివారము మేము.

ఉత్తరము వేసి పండ్రెండు దినములైనది. జవాబు రాలేదు. తపాలావాని వేళకు మేము వీధి యరుగుమీద కూర్చుండుచున్నామని నాయనమ్మ చెప్పగా, తన యూరికి మరలిపోయిన మనుమరాలు నిన్న ఫోనులో నవ్వి, “చూస్తూ కూర్చుంటే రారు తాతయ్యా” అనెను.

కావున వాకిలి గడియ తీసియుంచి, భోజనశాలలో ఒక పీట యదనముగా వేయించి, మా పనులు మేము చూచుకొనుచున్నాము.