ఫొటోలో నాన్న ఏరీ?

ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగున ఓ ఆల్బమ్ ఉంటుంది. దాంట్లో అందరూ ఉంటారు. గుండు కొట్టించుకుని ఏడుస్తున్న పసివాడు, కొత్త పరికిణీలో అమ్మాయి, అరుగు మీద తాతయ్య... ఆఖరికి పక్కింటివాళ్ల కుక్క కూడా. ఒక్కరే ఉండరు. ఆ ఫొటోలన్నీ తీసినాయన! పేజీలు ఎన్ని తిప్పినా ఆయన నీడ తప్ప కనిపించదు. అదైనా సూర్యుడు వెనక ఉన్న రోజున పొరపాటున పడిందే.

కాకినాడలో ఓ లెక్కల మాస్టారి ఇల్లూ అలాంటిదే. 1980ల చివర్లో ఆయన ఓ యాషికా కెమెరా కొన్నారు. రీలుకి 36 ఫొటోలు. జాగ్రత్తగా ఎక్కిస్తే ముప్ఫయ్యేడోది కూడా వచ్చేది. ఆ ఒక్కటీ వస్తే ఆయనకి డీయే అరియర్స్ వచ్చినంత సంబరం. కెమెరా ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. ఇస్తే ఫొటోలో తలలు తెగిపోతాయని భయం. (నిజంగానే తెగేవి లెండి.) పాతికేళ్లలో ఆరు ఆల్బమ్‌లు నిండాయి.

2013లో ఆయన పోయారు. పదకొండో రోజుకి దండ వేయడానికి ఫొటో కావాలి. ఇంటిల్లిపాదీ ఆరు ఆల్బమ్‌లూ హాల్లో పరుచుకుని కూర్చున్నారు. రాత్రి రెండింటి దాకా వెతికితే దొరికినవి మూడు. ఒకటి పెళ్లి ఫొటో. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు. రెండోది ఓటరు కార్డులోది. అది తనేనని ఆయనే ఒప్పుకునేవారు కాదు. మూడోది బావమరిది గృహప్రవేశంలో ఎవరో తీసిన గ్రూపు ఫొటో. వెనక వరసలో మెడ దాకా కనిపిస్తున్నారు. స్టూడియో వాళ్లు దాన్నే పెద్దది చేసి, మెడ కింద ఓ నల్లకోటు తగిలించారు. ఆయన జన్మలో కోటు వేసుకుని ఎరగరు. "ఎవరే ఈయన?" అంది మాస్టారి భార్య కూతురితో. దండయితే వేసింది కానీ చాలా రోజులు అటువైపు చూసేది కాదు.

ఆ కూతురికి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. నాన్న దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి ఫొటోల పిచ్చే. 2024 దసరా సెలవుల్లో నాలుగో తరగతి చదివే కొడుకు, స్కూల్ ప్రాజెక్టు కోసం కంప్యూటర్లో ఫొటోలన్నీ తిరగేసి, "అమ్మా, వీటిలో నువ్వెక్కడున్నావ్?" అన్నాడు. వాడు మామూలుగానే అడిగాడు. ఆమెకి మాత్రం కోటు ఫొటో గుర్తొచ్చింది.

సెల్ఫీలు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. కానీ సెల్ఫీలో ప్రపంచమంతా చెయ్యి చాచినంత దూరమే. పట్టుకున్నవాళ్ల మొహం ముందుకొస్తుంది, గుడి గోపురం సగం తెగుతుంది, చివర నిలబడ్డ అమ్మమ్మది ఒక చెవి మాత్రం పడుతుంది. పదిమంది కుటుంబం అందులో ఎక్కడ ఇమిడేది!

నిజానికి కెమెరాకి కాళ్లు నిన్నా మొన్నా రాలేదు. 1838లో లూయీ డాగేర్ అనే ఫ్రెంచాయన పారిస్‌లో ఓ వీధిని ఎత్తు నుంచి ఫొటో తీశాడు. ఆ రోజుల్లో బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు సోకాలి. వీధిలో తిరుగుతున్న జనం, బళ్లు ఏవీ అందులో లేవు. కదిలిన ప్రతిదీ మాయమైపోయింది. ఒకచోట ఆగి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి ఆకారం మాత్రం మిగిలిపోయింది. హైదరాబాద్ ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) నాటికి పరిస్థితి మెరుగైనా, గాజు పలకలు పట్టే ఆ పెద్ద కెమెరాలు చేత్తో ఎత్తి తీసేవి కావు. వాటికి స్టాండు అవసరమే.

స్టాండుకి మూడు కాళ్లే ఎందుకంటే మన ముక్కాలి పీటని అడగాలి. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది. ముక్కాలి పీట ఊగదు. మూడు కాళ్లూ ఎప్పుడూ నేలకి ఆనుతాయి.

మళ్లీ మన అమ్మాయి దగ్గరకొద్దాం. ఆన్‌లైన్లో చూస్తే ట్రైపాడ్‌లు వెయ్యిలోపు నుంచి యాభై వేలు దాటే దాకా ఉన్నాయి. ఏది కొనాలో తేలక కోఠిలో ఓ కెమెరా షాపుకి వెళ్లింది. షాపాయన ధర గురించి మాట్లాడలేదు. "కెమెరా, లెన్సు కలిపి ఎంత బరువు మేడమ్?" అన్నాడు. కిలోన్నర అయితే కనీసం మూడు కిలోలు మోసేది తీసుకోమన్నాడు. కాగితం మీద రాసిన బరువు వేరు, గాలిలో కదలకుండా మొయ్యడం వేరు మరి.

తర్వాత ఓ సన్నటి ప్లాస్టిక్ స్టాండు తెచ్చి పూర్తిగా సాగదీశాడు. నెత్తిన వేలితో తట్టాడు. అది అట్లా వణుకుతూనే ఉంది. "ఫోనుకైతే నడుస్తది, దీనికి వద్దు" అని పక్కన పడేశాడు. అమ్ముకునేవాడే వద్దంటే వినడం మంచిది.

అల్యూమినియందా, కార్బన్ ఫైబర్‌దా అన్నది మోసేవాళ్ల భుజాన్ని బట్టి తేల్చుకోవాలి. కార్బన్‌ది తేలిక, ధర మాత్రం బాగా ఎక్కువ. కారు డిక్కీలో పడేసి తీసుకెళ్లేవాళ్లకి అల్యూమినియం చాలు. కొండలెక్కేవాళ్ల సంగతి వేరు. ఎంత మంచిదైనా బరువని ఇంట్లో వదిలేసి వెళితే అది బట్టలారేసుకోవడానికి కూడా పనికిరాదు. ఇక పైన కెమెరా బిగించే హెడ్. గుండ్రటి బంతితో ఎటుపడితే అటు తిరిగేది బాల్ హెడ్. చేతిపిడులతో ఒక్కో వైపు విడిగా తిప్పేది పాన్ హెడ్. చాలామంది బాల్ హెడ్డే కొంటారు. ఇంటి గ్రూపు ఫొటోలకి మాత్రం పాన్ హెడ్డే సుఖం. ఒక వైపు సరిచేస్తుంటే రెండోది చెడిపోదు.

ఆమె పాన్ హెడ్ ఉన్న అల్యూమినియందే తీసుకుంది. కెమెరాకి అడుగున బిగించే చిన్న ప్లేటు పోతే మొత్తం స్టాండు దండగ కాబట్టి, షాపాయన చెబితే ఇంకోటి అదనంగా కొంది.

కొన్నాక వాడటం ఇంకో చదువు. కాళ్లు సాగదీసేటప్పుడు లావుగా ఉన్న పై భాగాలు ముందు లాగాలి. సన్నటి అడుగు భాగాలు చివరికి. మధ్యలో పైకి లేచే కడ్డీ ఉంటుందే, దాన్ని వీలైనంత వరకూ ముట్టుకోకూడదు. అది లేపితే మూడు కాళ్ల మీద ఉన్నది కాస్తా ఒంటికాలి మీదకొస్తుంది. ఒక కాలు లెన్సు చూస్తున్న వైపు ఉండాలి. అప్పుడు కెమెరా ముందుకి తూలదు. గాలి ఉంటే మధ్య కొక్కేనికి బ్యాగు వేలాడదీస్తారు. అయితే అది గాల్లో ఊగితే మొదటికే మోసం. నేలకి కాస్త తగిలేలా ఉండాలి. లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే, స్టాండు మీద దాన్ని ఆపెయ్యడం మేలు. లేని వణుకుని వెతికి అదే వణుకు తెప్పిస్తుంది కొన్నిసార్లు. చాలా కొత్త కెమెరాలు ఆ సంగతి వాటంతటవే పసిగడుతున్నాయి.

ఒక్కటి మాత్రం ట్రైపాడ్ చెయ్యలేదు. కెమెరాని ఆపుతుంది కానీ పిల్లల్ని ఆపలేదు. సాయంత్రం ట్యూబులైటు వెలుతురులో షట్టర్ మెల్లగా పడితే గోడలు, కుర్చీలు స్పష్టంగా వచ్చి పిల్లాడి చోట పొగమంచు వస్తుంది. డాగేర్ వీధిలాగే! అందుకే ఇంటి ఫొటోలు పగటి వెలుతురులో వరండాలో తీసుకోవాలి.

2025 సంక్రాంతికి ఆమె దాన్ని కాకినాడ తీసుకెళ్లింది. మొదట కోరింగ మడ అడవికి. అక్కడ చెక్క వంతెన మీద స్టాండు పెడితే, పది అడుగుల అవతల ఎవరు నడిచినా ఫొటో చెదురుతోంది. జనం దాటే దాకా ఆగి తియ్యాల్సి వచ్చింది. మర్నాడు ఉప్పాడ తీరానికి. ఇసకలో కాళ్లు గట్టిగా నొక్కి దింపింది. తీరా చూస్తే తాళాల్లో ఇసక దూరి కరకరమంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, కాళ్లు సాగదీసి నీడలో ఆరబెట్టింది. ఉప్పునీటిని అలాగే వదిలేస్తే ఏడాది తిరక్కుండానే బిగుసుకుపోతుంది.

ముక్కనుమ నాడు ఇంట్లో గ్రూపు ఫొటో. మొత్తం పదకొండు మంది. వరండాలో ముందు వరసకి కుర్చీలు వేశారు. కెమెరాని కూర్చున్నవాళ్ల గుండె ఎత్తుకి దించింది. అమ్మ మొహం మీద ఫోకస్ చేసి అక్కడే కదలకుండా ఉంచేసింది. లేకపోతే మీట నొక్కే సమయానికి ఆమె ఖాళీ కుర్చీ వెనకున్న గోడ మీదకి పోతుంది ఫోకస్. టైమర్‌కి పది సెకన్లు పెట్టి, దారిలో చెప్పులు తీయించి పరుగెత్తింది.

మొదటి ఫొటోలో చీర కుచ్చిళ్లు, వీపు పడ్డాయి. రెండోదానిలో చేరుకుంది కానీ కొడుకు కళ్లు మూశాడు. టైమర్‌ని ఒకేసారి నాలుగైదు ఫొటోలు తీసేలా మార్చి మళ్లీ పరుగెత్తింది. "పడిపోతావే!" అంటోంది వాళ్లమ్మ. ఆ వరసలో మూడోదానిలో అందరూ కెమెరాని చూస్తున్నారు. అమ్మ ఒక్కత్తే పక్కకి తిరిగి, వచ్చి కూర్చుందా లేదా అని కూతుర్ని చూస్తోంది.

ఫొటోల లెక్క ప్రకారం అది పనికిరాదు. అందరూ అదే కావాలన్నారు. ఎనిమిది బై పది సైజులో మూడు కాపీలు వేయించారు. కాకినాడ ఇంట్లో దాన్ని హాల్లో పెడతామంటే మాస్టారి భార్య ఒప్పుకోలేదు. వంటింటి గుమ్మానికి ఎదురుగా, పొయ్యి దగ్గర్నుంచి కనపడేలా మేకు కొట్టించుకుంది.