పోలికయు, భేదమును

పుష్యమాసము వచ్చునప్పటికి గుంటూరు, ప్రకాశము సీమలలోని నల్లరేగడి నేలలు రెండు రంగులు దాల్చును. ఒకవైపు విచ్చిన ప్రత్తి తెల్లదనము. మరియొకవైపు పండిన మిరప ఎఱ్ఱదనము. చేనినుండి ప్రత్తి జిన్నింగు మిల్లునకు చేరును. అచ్చట గింజ వేఱు, దూది వేఱు అగును.

పాతకాలపు మిల్లులో ఇంజను ఒక్కటే. అది ఒక పొడవైన ఇరుసును త్రిప్పును. ఆ యిరుసునుండి ఒక్కొక్క జిన్నునకు ఒక్కొక్క పట్టా పోవును. జిన్నునకు తొడిగిన కప్పీ చిన్నదైనచో వేగము హెచ్చును, పెద్దదైనచో తగ్గును.

కంప్యూటరులో ఇట్టి పనినే గడియారపు చిప్పు చేయును. దానికి ఇంజను వంటిది స్ఫటికము. చేతిగడియారములోని క్వార్ట్జు స్ఫటికము సాధారణముగా సెకనుకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను వరుసగా 15 మారులు సగము చేసిన 1 మిగులును. గడియారమునకు సెకను లభించును. ఎస్.ఐ. 5351 అను చిప్పు వేగము ఇంతకు మిక్కిలి హెచ్చు. దానికి సెకనుకు 2 కోట్ల 50 లక్షల కంపనములు గల స్ఫటికమును కూర్చుదురు. చిప్పు ఆ వేగమును 36 రెట్లు చేసి 90 కోట్లకు పెంచగలదు. పిమ్మట 9 చేత భాగించి ఒక పరికరమునకు 10 కోట్లును, 18 చేత భాగించి వేఱొక పరికరమునకు 5 కోట్లును అందీయగలదు.

ఎంతతో హెచ్చింపవలెనో, ఎంతతో భాగింపవలెనో చిప్పునకు తెలుపునది డ్రైవరు అను ప్రోగ్రాము. కంప్యూటరును నడపు మూలప్రోగ్రామునకు కెర్నెలు అని పేరు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సు కెర్నెలులో ఈ చిప్పు డ్రైవరు 2013లో చేరినది.

ఈ చిప్పునకు తోబుట్టువులు కలవు. ఒక రకమునకు గడియారపు స్పందనము వెలువడు ద్వారములు 8. మరియొక రకమునకు 3 మాత్రమే. ప్రతి రకమునకును క్రొత్త డ్రైవరు వ్రాయుట వృథాప్రయాస. పోలిక యున్నదిగదా యని పేరు మాత్రము చేర్చి యూరకుండుట ప్రమాదము. లేని ద్వారమునుండి స్పందనము రాదు. దానికై వేచిన పరికరము కదలదు. కావున నేర్పరి తయారీదారుల పత్రమును, పాత ప్రోగ్రామును ప్రక్కప్రక్కన నుంచుకొని పంక్తి పంక్తిని పోల్చును. పోలిన భాగమును ముట్టడు. భేదమున్న చోట మాత్రము ఏ రకమునకు ఎన్ని ద్వారములో వ్రాయును.

అతడు చేర్చిన నాలుగు పంక్తులవలన క్రొత్త చిప్పు నడచి పాత చిప్పు ఆగినచో, ఏ దేశముననో ఎవ్వరి యంత్రమో నిలిచిపోవును. దాని యజమానికి కారణమైనను తెలియదు. అందువలననే నడచుచున్న యంత్రమును చెఱచు మార్పు కూడదని లినక్సువారి కట్టడి. మార్పు పంపువాడు తన పేరు వ్రాసి బాధ్యత వహించును. ఇతరులు దానిని చదివి తప్పులెన్నుదురు.

మిల్లులోనికి క్రొత్త జిన్ను వచ్చినపుడు మంచి ఫిట్టరు పద్ధతియు ఇట్టిదే. చూపునకు పాతదానివలెనే యున్నను కొలత తీసికొనక మానడు. తగిన కప్పీని తొడుగును. ఇరుసును, తక్కిన పట్టాలను కదల్పడు. ఇంజను మరల తిరుగగనే ముందు పాత జిన్నుల చప్పుడు చెవియొగ్గి వినును. అవి సరిగా నున్నవని తెలిసిన పిమ్మటనే క్రొత్తదానికడకు పోవును.