ముందుగా పలకరించినవాడు

మన ఇళ్లల్లో ఎంత పెద్ద తగాదానైనా చివరికి ఒక్క ముక్కలో తేల్చేస్తారు: వాళ్లకూ వీళ్లకూ మాటల్లేవు. పొలం గట్టు దగ్గర మొదలైందో, పెళ్లి పిలుపు సరిగా లేదన్న దగ్గర మొదలైందో ఎవరికీ గుర్తుండదు. ఒకే వీధిలో ఉంటారు, ఎదురుపడితే తల తిప్పుకుంటారు. రాత్రికి ఇద్దరికీ నిద్ర బాగానే పడుతుంది. అయినా ఆ ఇద్దరూ కలిశారని ఎవరూ అనరు. కలవాలంటే ఎవరో ఒకరు ముందు పలకరించాలి. ఆ ఒక్క పలకరింపు దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి.

దేవునితో సమాధానం, అంటే సయోధ్య, అన్నప్పుడల్లా నాకు ఈ తగాదాలే గుర్తొస్తాయి. ప్రార్థన కూటాలకు వచ్చేవాళ్లలో చాలామంది కోరుకునేది మనసు కాస్త నెమ్మదించాలని. కూతురి పెళ్లి, కొడుకు వీసా, తీరని అప్పు, డాక్టరు రాసిచ్చిన స్కానింగు. వీటి మధ్య కాసేపు గుండె దడ తగ్గితే చాలనిపిస్తుంది. అడగడం తప్పు కాదు, నేనూ అడుగుతాను. కానీ గుండె దడ తగ్గడం వేరు, తెగిన మాట కలవడం వేరు. మొదటిది మంచి పాట విన్నా, సాయంత్రం హుస్సేన్ సాగర్ గట్టున కూర్చున్నా దొరకవచ్చు. రెండోదానికి అవతల ఒకరుండాలి.

బైబిల్లో మనిషి కథ మొదలైన కాసేపటికే ఈ తగాదా వస్తుంది. చేయవద్దన్నది చేసి ఆదాము చెట్ల చాటున దాక్కుంటాడు. వెతుక్కుంటూ వచ్చి ఎక్కడున్నావని అడిగేది నొచ్చుకున్న దేవుడే. లూకా పదిహేనో అధ్యాయంలో ఆస్తి తగలేసి ఇంటిదారి పట్టిన కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి చూస్తాడు, పెద్దరికం పక్కనపెట్టి పరుగెత్తుతాడు. కొడుకు ముందే కూర్చుకుని వచ్చిన క్షమాపణ సగంలోనే ఆగిపోతుంది. తండ్రి అప్పటికే మంచి వస్త్రం తెమ్మని పనివాళ్లకు పురమాయిస్తున్నాడు.

అయితే నన్ను అన్నిటికంటే పట్టి నిలిపేది యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం. శిష్యులు భయంతో తలుపులు వేసుకుని గదిలో ఉన్నారు. మూడు రోజుల కిందట గురువును వదిలి పారిపోయినవాళ్లు వాళ్లు. పేతురైతే ఆయనెవరో తెలియదనే అన్నాడు. యేసు వచ్చి వాళ్ల మధ్య నిలబడి మొట్టమొదట సమాధానం పలుకుతాడు. వెంటనే చేతులూ పక్కా చూపిస్తాడు. ఎందుకు పారిపోయారని అడగలేదు. గాయాలను దాచనూ లేదు. జరిగిందేదో జరిగిపోయిందిలే అని పెద్దమనుషులు సర్దేసే రాజీలో గాయం లోపలే ఉండి సలుపుతుంది. ఇక్కడ గాయపడినవాడే ఆ గాయాన్ని చూపిస్తూ మాట కలుపుతున్నాడు. రోమా సంఘానికి రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు వాదించేదీ ఇదే: మనం ఇంకా శత్రువులుగా ఉండగానే, సిలువ మీద, మాట అటునుంచి కలిసింది. ఒకప్పుడు సంఘాన్ని హింసించిన మనిషి రాశాడు కనుకనే ఆ మాటకు అంత బరువు.

తెలుగువాళ్లకు ఈ పలకరింపు తెలుగులో అందడానికి సాయపడిన ఒక మనిషిని మనం దాదాపు మరిచిపోయాం. ఆనందరాయర్ మహారాష్ట్ర బ్రాహ్మణుడు, దేవుణ్ణి వెతుక్కుంటూ క్రైస్తవుడైనవాడు. విశాఖపట్నంలో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ అనే మిషనరీల పక్కన కూర్చుని సువార్తల అనువాదానికి తోడ్పడ్డాడు. ఆ మిషనరీలిద్దరూ అచ్చయిన పుస్తకం చూడకుండానే కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో తెలుగులో అచ్చయ్యాయి.

ఆ పలకరింపు మా వైపుకీ వచ్చింది. మా సికింద్రాబాదు పుట్టిందే పటాలాల కోసం. నిజాంతో 1798లో కుదిరిన ఒప్పందం తర్వాత ఈస్టిండియా కంపెనీ సైన్యం ఇక్కడ దిగింది. 1806లో నిజాం సికందర్ జా పేరు ఊరికి పెట్టారు. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది, బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది. రెండూ దండు మనుషుల ఆరాధన కోసం లేచినవే. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ బోధకుడు తిరుమలగిరి సైనికుల మధ్య సేవకు వచ్చాడు. అక్కడే ఉండిపోయి ఉంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. మెదకు వెళ్లాడు. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా ఆయన కట్టించిన మహాదేవాలయానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. దాన్ని చూడటానికి వెళ్లేవాళ్లు గోపురం ఎత్తు గురించే మాట్లాడతారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. ఆ చుట్టుపక్కల మొదట సువార్త విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వాళ్లు. ఊరు తన గుమ్మం తొక్కనివ్వని మనుషులు. అలాంటివాళ్ల గడపకు ఎవరో వచ్చి, దేవుడు నిన్ను పేరుపెట్టి పిలుస్తున్నాడని చెప్పినప్పుడు ఎలా ఉండి ఉంటుందో, ఆ వెలి ఎరగనివాళ్లం ఊహించడం కష్టం.

సికింద్రాబాదు నుంచి ముషీరాబాదు వైపు దిగితే గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే ప్రార్థనా మందిరం ఉంది. సువార్తికుడు భక్త సింగ్ గారి పేరుతో తెలుగునాట వేలమంది ఎరిగిన చోటు. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఎవరో బహుమతిగా ఇచ్చిన బైబిలును చించేసి, తోలు అట్ట బాగుందని అది మాత్రం ఉంచుకున్నానని ఆయనే సాక్ష్యంలో చెప్పుకున్నారు. ఇంగ్లండులో ఇంజనీరింగు చదివి కెనడా చేరాక, 1929 డిసెంబరులో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి తనే బైబిలు అడిగారు. స్నేహితుడు జేబులోని కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. యోహాను మూడో అధ్యాయం చదువుతూ, ఈ మాటలు చెబుతున్నవాడు తనతోనే మాట్లాడుతున్నాడని ఆయనకు తెలిసిపోయింది. చించేసిన పుస్తకమే పలకరించింది. 1932లో బాప్తిస్మం పొంది, ఆ తర్వాత ఇండియాకు తిరిగొచ్చిన ఆ పంజాబీ మనిషి చివరికి మన మధ్యే స్థిరపడ్డారు. హెబ్రోను కూటాల్లో ఏ కులం వాళ్లయినా చాపల మీద బంతిగా కూర్చుని ప్రేమ విందు తినేవారు. 2000 సెప్టెంబరు 17న ఆయన కన్నుమూస్తే, కడసారి చూడటానికి ఈ నగరం వీధుల్లోకి వచ్చింది.

ఆయన సాక్ష్యంలా అందరిదీ ఒక్క రాత్రిలో తేలిపోదు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే మా పెద్దమ్మ చేతికందిన కొడుకును పోగొట్టుకుంది. ఆ తర్వాత చాలాకాలం ఆమె బైబిలు తెరిస్తే ఎనభై ఎనిమిదో కీర్తనే. ఓదార్పు ఒక్క ముక్కైనా లేకుండా చీకట్లోనే ముగిసిపోయే కీర్తన అది.

“అదే ఎందుకు చదువుతావు పెద్దమ్మా? ఇరవై మూడో కీర్తన చదవరాదూ?” అన్నాను.

“అది నా నోట రావట్లేదు నాన్నా. ఇది వస్తోంది. ఈయన దేవుడి మీద ఎంత అలిగాడో చూడు. అలిగి ఆయనతోనే చెప్పుకుంటున్నాడు. మాట తెగలేదు కదా.”

దేవునితో సమాధానం గురించి నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఈ జవాబు ఒక ఎత్తు. ఆమె కన్నీళ్లు ఆగలేదు. చాలా రాత్రులు నిద్రా లేదు. ఆమెకు మనశ్శాంతి ఉందని ఆ రోజుల్లో ఎవరూ అనగలిగేవారు కాదు. సమాధానం మాత్రం ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి నీకు విశ్వాసం చాలడం లేదని చెప్పేవాళ్లు ఆ కీర్తన ఒకసారి చదివి వెళితే బాగుంటుంది. దాన్ని బైబిల్లో ఉంచినది దేవుడే.

ఇక సమాధానం మన దగ్గరికి వచ్చి ఆగిపోయేది కాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య పిలవకుండానే యేసు అతని ఇంటికి బసకు వస్తే, అతను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని లేచి నిలబడ్డాడు. కొండమీది ప్రసంగంలో యేసు ఇంకా సూటిగా చెప్పాడు: కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చాక నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి వెళ్లు. నువ్వు నొప్పించినవాడి దగ్గరికి ముందు నువ్వే వెళ్లాలి. ప్రభువు బల్ల దగ్గర ఒకే వరుసలో మోకరించి, గేటు దాటగానే మొహాలు తిప్పుకునే కుటుంబాలు మా సంఘాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆస్తుల కోసం కోర్టులకెక్కిన సంఘాలూ ఉన్నాయి. ఇది నాకు నిజంగా బాధ. దేవుడు ముందుగా పలకరించాడని పాడే నోటితోనే మనం ఒకరినొకరం పలకరించుకోవడం లేదు.

చాలాకాలంగా బైబిలు తెరవనివాళ్లు, ఎప్పుడూ తెరవనివాళ్లు కూడా, లూకా పదిహేనో అధ్యాయంతో మొదలుపెట్టండి. ఇంట్లో వినేవాళ్లు లేకపోయినా పైకే చదవండి. చదువుతుండగా మీతో మాటల్లేని మనిషి ఎవరైనా గుర్తొస్తే పుస్తకం అక్కడే ఉంచి ముందు ఆ ఇంటికి వెళ్లి రండి. మిగతా అధ్యాయం తర్వాత చదువుకోవచ్చు.