కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు

ఏప్రిల్ వచ్చింది కదా, రేగు పెట్టినోళ్ళ కోసం నా తప్పు ఒకటి రాస్తున్నా.

మాది అనంతపురం జిల్లా. ఎర్రనేల, మెట్టపొలం. వరుసగా రెండేండ్లు చెనిక్కాయలో విత్తనాల ఖర్చు కూడా రాకపోతే, అప్పు తెచ్చి రెండెకరాల్లో ఉమ్రాన్ రేగు అంట్లు పెట్టినా. ఆరు మీటర్ల దూరంలో ఎకరాకు 110 మొక్కలు. "గట్టుమీద ఊరికే మొలిచే చెట్టుకు దుడ్లు పెడతావా?" అని నవ్వినోళ్ళు ఉన్నారు. మొదట్లో అమ్మ, నేను బిందెలతో నీళ్ళు మోసినాం. వేరు లోతుకు దిగినాక చెట్టు మమ్మల్ని పెద్దగా అడగలేదు. మూడో ఏడు కాపు చూడను ఊరోళ్ళంతా వచ్చినారు.

కోత అయినాక, ఎండాకాలంలో కొమ్మలు కత్తిరించాలని అంట్లు ఇచ్చినాయన చెప్పినాడు. కత్తెర పట్టుకొని పోయినా. ఆరు చెట్లు కత్తిరించేసరికి మనసు ఒప్పలేదు. బిడ్డల్లా పెంచిన చెట్లు. "పెద్ద కొమ్మలుంటే ఇంకా ఎక్కువ కాస్తాయిలే" అనుకొని ఇంటికొచ్చేసినా.

ఆ ఏడు తోట ముళ్ళపొద అయింది. లోపలికి గాలి లేదు, ఎండ లేదు. పిందెలకే బూడిద తెగులు పట్టింది. మందు కొడితే పైపైనే పడింది. కాయలు గోలీలంత, వాటిల్లోనూ సగం పురుగే. వ్యాపారి ఒక కాయ కొరికి ఉమ్మేసి బండెక్కినాడు. వడ్డీ కట్టను అమ్మ కమ్మలు కుదువ పెట్టినాం.

కత్తిరించిన ఆ ఆరు చెట్లకు మాత్రం కాయ లావుగా, నున్నగా వచ్చింది. అప్పుడు తెలిసొచ్చింది. రేగు కాసేది ఆ ఏడు వచ్చిన కొత్త రెమ్మలకే. పాతకొమ్మ కొడితేనే బలమైన కొత్త రెమ్మ వస్తుంది.

ఇప్పుడు ఏటా ఆకు రాలినాక, కొత్త చిగురు రాకముందే, నిరుటి కొమ్మను సగం దాకా కొడతా. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీసేస్తా. పెద్ద కోతలకు బోర్డో పేస్టు పూస్తా. అంటు కింద నుంచి వచ్చే అడవిరేగు చిగుళ్ళను ఉంచను. వాటిని వదిలేస్తే అసలు చెట్టును మింగేస్తాయి. చెట్ల కింద మన్ను తిరగేస్తా, కాయ ఈగ కోశాలు మన్నులోనే ఉంటాయి కాబట్టి ఎండకు చస్తాయి. రాలిన పుచ్చుకాయలు ఏరి గుంతలో పూడుస్తా. బూడిద కనపడగానే నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొడతా.

అమ్మ కమ్మలు రెండేండ్లకు ఇంటికొచ్చినాయి. కత్తిరించిన రోజు మోడుల్లాంటి చెట్లు చూసి అమ్మ ఇప్పటికీ ఆ పక్కకు రాదు. చిగురు పెట్టినాక వస్తుంది.

మొదటిసారి కత్తిరించేవాళ్ళు మనసు ఒప్పకపోతే నాలా మధ్యలో ఆపొద్దు. కత్తెర సాన పట్టించుకోండి. మీ తోటలో ఎట్లా చేస్తున్నారో మీరూ రాయండి అన్నా.