మార్టెల్లో వీధిలో ఒక నేలమాళిగ

లండను వెళ్ళినవారందరూ టవరూ, మ్యూజియమూ చూచి వస్తారు. మేమూ చూచాము. వాటిని గురించి యిదివరకే చాలామంది వ్రాశారు గనుక ఆ జోలికి పోవడం లేదు. ఒక ఉదయం మా మేనల్లుడు, "మామయ్యా, యీ వూళ్ళో మన షోలాపురం చప్పుడు వినిపిస్తాను, రండి" అని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషనులో రైలెక్కించి లండన్ ఫీల్డ్స్‌లో దింపాడు.

హాక్నీ పేట అది. చెట్లతో పెద్ద మైదానం, దాని అంచున రైలుకట్ట వెంబడి మార్టెల్లో వీధి. పదవ నెంబరు ఒక పాత కర్మాగారపు కట్టడం. దాని నేలమాళిగ నుంచే 1976లో నలుగురు కలిసి 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' నడపడం మొదలుపెట్టారు. జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోజీ ఫానీ టుట్టీ, పీటర్ క్రిస్టఫర్సన్, క్రిస్ కార్టర్ వారి పేర్లు. వారి బృందం 'త్రాబింగ్ గ్రిసిల్'. మైదానం క్రింద ప్లేగు మృతులను పూడ్చారన్న ప్రతీతిని బట్టి ఆ గదిని 'చావు కర్మాగారం' అని పిలుచుకొన్నారు.

పెద్ద కంపెనీల గడప త్రొక్కకుండా తామే రికార్డులు వేయించి తామే అమ్ముకోవడం వారి పద్ధతి. 1977లో వచ్చిన తొలి పెద్ద రికార్డు పేరు 'రెండవ వార్షిక నివేదిక'! తెల్ల అట్ట, దానిపై అంటించిన కాగితం. వేసినవి 785 ప్రతులు. (మన పత్రిక సంగతి తెలిసిన చదువరులు ఆ అంకె చూచి నవ్వరు.) కార్టర్ వాద్యయంత్రాలను స్వయంగా బిగించుకొనేవాడు. ఉక్కుకు పేరుపడ్డ షెఫీల్డ్‌నుంచి 'క్లాక్ డివిఎ' అనే బృందం చేసిన ధ్వనులను కూడ వీరు 1980లో కాసెట్టుగా తెచ్చారు. 1981లో త్రాబింగ్ గ్రిసిల్ విడిపోయింది.

వారి ముద్ర ఒక పొగగొట్టం బొమ్మ. ఏదో మిల్లు కాబోలనుకొన్నాము. అది ఔష్విట్జ్‌లో శవాలను కాల్చిన కొలిమిదని మేనల్లుడు చెప్పాడు. జనాన్ని ఉలిక్కిపడేటట్టు చేయడానికే పెట్టారని అతని వాదన. ఎవరి వాదన ఏదైనా, చచ్చినవారి పొగను రికార్డుల మీద ముద్రగా వేసుకోవడం మాకు సమ్మతం కాలేదు. ఆ మాటే అన్నాము.

సాయంత్రం యింటివద్ద ఆ నివేదికనే, 2011లో మళ్ళీ వేసిన ప్రతిని, పెట్టాడు. రాగమన్న మాట లేదు. గరగర, దడదడ, మధ్య ఎవరిదో గొంతు. మా నాన్నగారు ముప్పయ్యేళ్ళు షోలాపురంలో మరమగ్గాల షెడ్డులో పనిచేసి చెవులు పోగొట్టుకొన్నారు. మా అమ్మ ఆయనతో కేకలువేసి మాట్లాడేది. కొత్తగా వచ్చినవారు తగవనుకొనేవారు. అటువంటి చప్పుడును డబ్బిచ్చి కొనుక్కొని వింటారంటే ఆయన ఏమనేవారో!

"ఆపమంటారా మామయ్యా?" అన్నాడు.

రెండవ వైపు కూడ వెయ్యమన్నాము.