చేపలు బాగున్నాయి కదా అనుకున్నాను

మా ఉప్పునీటి చేపల ట్యాంకులో ఏదో తేడా ఉందని ముందుగా చెప్పింది నత్తలు. అద్దానికి అతుక్కుని పాచి తినాల్సినవి ఇసుకలో వెల్లకిలా పడి ఉండేవి. తిప్పి పెడితే కాసేపు పట్టుకుని మళ్లీ జారిపోయేవి. మెత్తటి కాలు సగం బయటికి వేలాడుతూ, ముట్టుకున్నా ముడుచుకునేది కాదు. క్లౌన్ చేపలు మాత్రం మేత వేయగానే ఎగబడేవి. చేపలు హుషారుగా ఉన్నాయంటే నీళ్లు బాగున్నట్టే అనుకుని, నత్తలు అమ్మిన షాపువాళ్లనే తప్పుపట్టాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డాలస్ శివార్లలో మేముండేది పాత ఇల్లు. పైపులన్నీ రాగివి. నీళ్లను శుద్ధి చేసే ఆర్వో యూనిట్లో, చివరగా మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ అయిపోతే, కొత్తది తెప్పించడం వాయిదా వేస్తూ, పొద్దున్నే కొళాయి నీళ్లు పట్టి, క్లోరిన్ విరిచే మందు కలిపి ట్యాంకులో పోశాను. అవి రాత్రంతా పైపులో కదలకుండా నిలిచిన నీళ్లు. రాగి ఎక్కువగా కరిగేది అలాంటప్పుడే. తాగునీటిలో సీసం, రాగి పరీక్షకు కనీసం 6 గంటలు పైపులో నిలిచిన నీళ్లే పట్టాలని అమెరికాలో నియమం ఉన్నది ఇందుకే. 1991 నాటి ఆ నిబంధన రాగికి పెట్టిన గీత లీటరుకు 1.3 మిల్లీగ్రాములు. మనుషుల కోసం పెట్టిన గీత అది. నడిసముద్రపు నీటిలో లీటరుకు ఒక్క మైక్రోగ్రాము రాగి కూడా ఉండదు.

చేపల సాక్ష్యం ఎందుకు చెల్లదో ఆలస్యంగా అర్థమైంది. వాటికి తెల్లమచ్చల జబ్బు వస్తే వాడే మందే రాగి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఉంచితే చేప తట్టుకుంటుంది. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు.

ఇంకా బాధపెట్టింది లెక్క. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 4 లీటర్లు ఆవిరైపోతాయనుకుందాం. పోయేది నీరే, లోహం పోదు. ఆ లోటును రోజూ కొళాయి నీళ్లతోనే పూడుస్తాం. కొళాయి నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉంటే రోజుకు 0.8 చొప్పున 30 రోజుల్లో 24 మిల్లీగ్రాములు చేరుతుంది. అంటే లీటరుకు 0.12. చేపలకు మందుగా వాడే మోతాదులో సగం దాటినట్టే! లోహాలను బంధిస్తుందని క్లోరిన్ విరిచే మందు సీసా మీద రాసి ఉంటే నమ్మాను. బంధించినా ఆ లోహం ట్యాంకులోనే ఉంటుంది కదా.

ఇంట్లో ఉన్న రాగి టెస్ట్ కిట్ సున్నా చూపించి ధైర్యమిచ్చింది. రంగు మారడాన్ని కంటితో పోల్చుకునే ఆ కిట్‌కు అందనంత తక్కువలోనే పగడాలకు హాని మొదలవుతుంది. చివరికి నీళ్లు ల్యాబుకు పంపి అతి తక్కువ లోహాన్నీ పట్టే ఐసీపీ పరీక్ష చేయించాకే రాగి బయటపడింది.

రెజిన్ మార్చాను. శుద్ధి చేసిన నీటితో ఉప్పునీళ్లు కలిపి, విడతలవారీగా ట్యాంకు నీళ్లు మార్చాను. యాక్టివేటెడ్ కార్బన్‌తో పాటు లోహాలను పట్టే పాలీ ఫిల్టర్ పలక పెట్టాను. రాగిని పట్టుకుంటే ఆ తెల్లటి పలక నీలం ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరుగుతుంది. అంచుల్లో ఆ రంగు కనబడగానే పని అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. రాళ్లు, ఇసుక పీల్చుకున్న రాగి తర్వాత మెల్లగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. అందుకే లోహాన్ని తీయడం కంటే రానివ్వకపోవడమే వెయ్యి రెట్లు సులువని నా నమ్మకం. ఇప్పుడు డీఐ నుంచి వచ్చే నీళ్లకు కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి, సున్నా కాకపోతే వాడను. ఇత్తడి బిగింపులు, తుప్పు పట్టిన క్లాంపులు, పంపు అయస్కాంతం మీద పగుళ్లు ఉన్నాయేమో కూడా వెతుకుతాను.

పాత రాళ్లను చేపలు మాత్రమే ఉండే ట్యాంకుకు మార్చేశాను. రాగి పోయిందో లేదో ఒక నత్తను వేసి చూడమని కొందరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. నత్త కంటే ల్యాబు పరీక్షకు ఖర్చెక్కువే. అయినా నీళ్ల సీసానే పంపుతున్నాను.