నా టాప్ ఫైవ్‌లో బాజ్ ఉన్నాడు

అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు నేను క్యాంపస్ డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగేవాణ్ని. ఊరు అర్బానా-షాంపేన్, ఇల్లినాయ్ యూనివర్సిటీ. వారానికి 20 గంటలే చేయనిస్తారు, ఆ 20 గంటల డబ్బులతోనే బియ్యం, ఫోన్ బిల్లు. మెషిన్‌లోంచి వచ్చిన ప్లేట్లు సర్దే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరవై దాటాయి. మొదటివారం ఒక్క మాట మాట్లాడలేదు. రెండోవారం ఉన్నట్టుండి అడిగాడు: "కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ లైన్‌బ్యాకర్లు ఐదుగుర్ని చెప్పు."

లైన్‌బ్యాకర్ అంటే ఏంటో కూడా నాకు తెలీదు. నవ్వాను. "శనివారానికి చెప్పు" అన్నాడు, హోంవర్క్ ఇచ్చినట్టు.

మీకూ తెలీకపోతే రెండు ముక్కల్లో చెప్తా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకి 11 మంది. బంతి ఉన్నవాళ్లు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. అడ్డుకునే జట్టులో ముందు వరుస కొండల్లాంటి మనుషులు, చివర్లో చిరుతల్లా పరుగెత్తేవాళ్లు. ఈ ఇద్దరికీ మధ్యలో నిలబడేవాడే లైన్‌బ్యాకర్. బంతి కదిలిన క్షణంలోనే వాడు తేల్చుకోవాలి, వచ్చేది పరుగా, పాసా? ముందుకి దూకాలా, వెనక్కి తగ్గాలా? కబడ్డీలో రైడర్ కాలు ఎటు లేస్తుందో కనిపెట్టి మీదపడేవాడు ఉంటాడు చూడండి, అలాంటి పని. తప్పుగా ఊహిస్తే స్టేడియం మొత్తానికీ తెలిసిపోతుంది.

మొదటి పేరు ఈజీ. డిక్ బట్కస్. ఆ క్యాంపస్‌లో ఇంకో పేరు చెప్తే అన్నం పెట్టరు. 1962 నుంచి 64 వరకు అక్కడే ఆడాడు, లైన్‌బ్యాకర్‌గానే కాదు, బంతి ఉన్నప్పుడు సెంటర్‌గా కూడా. 1964 జనవరి 1న రోజ్ బౌల్‌లో ఇల్లినాయ్ 17-7తో వాషింగ్టన్‌ని ఓడించింది. ఏటా బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో 1964లో మూడో స్థానం. ఆ ట్రోఫీ దాదాపు ఎప్పుడూ బంతి చేతిలో ఉండేవాళ్లకే పోతుంది, లైన్‌బ్యాకర్‌కి ఇప్పటిదాకా రాలేదు. కాబట్టి మూడో స్థానం చిన్న విషయం కాదు. అతని 50 నంబర్ జెర్సీని ఇంక ఎవరికీ ఇవ్వరు. 1985 నుంచి బెస్ట్ లైన్‌బ్యాకర్‌కి ఇచ్చే అవార్డు పేరే బట్కస్ అవార్డు. మా పెద్దాయన చిన్నప్పుడు నాన్న భుజాలమీద కూర్చుని అతని ఆట చూశాడట. ఆ సంగతి నాకు కనీసం పదిసార్లు చెప్పుంటాడు.

రెండో పేరు టామీ నోబిస్, టెక్సస్. 1965 జనవరి 1, ఆరెంజ్ బౌల్. ఆఖరి క్వార్టర్‌లో అలబామాకి గీత దాటడానికి కొంచెం దూరమే ఉంది, ఆఖరి ప్రయత్నం. క్వార్టర్‌బ్యాక్ జో నామత్ తనే బంతి పట్టుకుని దూరాడు. నోబిస్, ఇంకొందరు కలిసి అక్కడే ఆపేశారు. టెక్సస్ 21-17తో గెలిచింది. తను గీత దాటాననే నామత్ తర్వాత కూడా అన్నాడు. మన గల్లీ క్రికెట్‌లో రనౌట్ గొడవల్లాగే!

మూడు, డెరిక్ థామస్, అలబామా. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే దాన్ని శాక్ అంటారు. 1988 ఒక్క సీజన్‌లో 27 శాక్‌లు. కాకపోతే కాలేజీ ఫుట్‌బాల్ అధికారికంగా శాక్‌లు లెక్కపెట్టడం మొదలైంది 2000 నుంచే, అందుకే రికార్డు పుస్తకంలో అతని పేరు ఉండదు. "పుస్తకంలో లేకపోతే పడినవాడికి నొప్పి లేదనా?" అన్నాడు పెద్దాయన.

నాలుగోది లారెన్స్ టేలర్ అని రాశా. పెద్దాయన కొట్టేశాడు.

"ఎందుకు రాశావ్?"

"అందరూ గ్రేటెస్ట్ అంటున్నారు కదా."

"అది న్యూయార్క్ జెయింట్స్ లెక్క. ప్రొఫెషనల్ లీగ్. నేనడిగింది కాలేజీ."

మళ్లీ వెతికా. 1980లో నార్త్ కరోలినాకి ఆడుతూ 16 శాక్‌లు, తన కాన్ఫరెన్స్‌లో ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. అది చెప్తే ఒప్పుకుని, కొట్టేసిన పేరు తనే మళ్లీ రాశాడు. మనిషి అదే, పేరు అదే. కారణం మారిందంతే.

ఐదో పేరు దగ్గరే అసలు గొడవ. ఓక్లహోమా ఆటగాడు బ్రయన్ బాస్‌వర్త్, ముద్దుపేరు బాజ్. బట్కస్ అవార్డు మొదలైన 1985లో అతనికే వచ్చింది, 1986లో మళ్లీ అతనికే. రెండుసార్లు గెలిచింది అతనొక్కడే. 1985లో ఓక్లహోమా నేషనల్ ఛాంపియన్ కూడా. విచిత్రమైన హెయిర్‌కట్, మైకు కనిపిస్తే చాలు గొడవ. 1986 సీజన్ చివర స్టెరాయిడ్ పరీక్షలో దొరికి ఆరెంజ్ బౌల్ ఆడలేకపోయాడు. బయట నిలబడి, కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థని వెక్కిరించే టీషర్ట్ వేసుకున్నాడు. తర్వాత పెద్ద కాంట్రాక్టుతో సియాటిల్‌కి వెళ్లాడు. 1987లో ఒక రాత్రి మ్యాచ్‌లో బో జాక్సన్ అతన్ని తోసుకుంటూ గీత దాటేశాడు, ఆ క్లిప్ ఇప్పటికీ తిరుగుతోంది. భుజం దెబ్బతిని మూడు సీజన్లకే కెరీర్ అయిపోయింది.

నేను అతన్ని రాయలేదు.

"ఫెయిలయ్యాడు కదా" అన్నా.

"ఎక్కడ?"

"సియాటిల్లో."

"నా ప్రశ్నలో సియాటిల్ ఉందా?"

విచిత్రం ఏంటంటే ఆయన లిస్టులోనూ బాజ్ లేడు. స్టెరాయిడ్ వల్ల. "అది మాత్రం కాలేజీలో చేసిందే" అనేవాడు. నేను ఐదో ప్లేస్ ఖాళీగా వదిలేశా.

చదువైపోయాక మూడేళ్లు ఉద్యోగం చేశా. వీసా లాటరీలో మూడుసార్లూ పేరు రాలేదు. ఖమ్మం వచ్చేశా. మా బావ పెళ్లిలో, భోజనాల బంతిలో పప్పు వడ్డిస్తుంటే బాబాయి అందరికీ వినపడేలా అడిగాడు: "ఏరా, అంత అప్పుచేసి అంత దూరం వెళ్లావ్. చివరికి ఏం సాధించినట్టురా?" ఆయన చెడ్డవాడు కాదు. ఆ అప్పుకి హామీ సంతకం పెట్టింది ఆయనే, అడిగే హక్కుంది. నా దగ్గరే జవాబు లేదు. అప్పటికే ఎవరైనా "ఎమ్మెస్ ఎక్కడ?" అంటే మాట మార్చడం అలవాటైపోయింది నాకు. వెనక్కి వచ్చినవాడికి ఆ రెండేళ్ల గురించి మాట్లాడే అర్హత లేదన్నట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాత్రి 11 దాకా ప్లేట్లు కడిగి, తెల్లారేసరికి అసైన్‌మెంట్ పెట్టి, ఆల్గరిథమ్స్‌లో ఏ గ్రేడ్ తెచ్చుకున్నవాడు ఎవడు? నేనే కదా. లాటరీ వచ్చింది తర్వాత. సియాటిల్ లాగా.

ఫోన్ తీసి పాత లిస్ట్ తెరిచా. ఐదో ప్లేస్‌లో బాస్‌వర్త్ అని రాశా. స్టెరాయిడ్ సంగతి మర్చిపోలేదు, అది లేకపోతే రెండో ప్లేస్ ఇచ్చేవాణ్ని. రాసి పెద్దాయనకి పంపా. అక్కడ మధ్యాహ్నం.

పది నిమిషాల్లో రిప్లై వచ్చింది. బాజ్ గురించి మంచీ చెడూ ఏమీ లేదు. ఒకటే లైను: "మరి లీ రాయ్ జోర్డన్ ఏడీ?"

వెతికా. అలబామా. 1963 ఆరెంజ్ బౌల్‌లో ఓక్లహోమా మీద, ఒక్క మ్యాచ్‌లో 31 ట్యాకిల్స్ అని ఉంది.

టైమ్ చూస్తే రాత్రి రెండున్నర. ఇప్పుడు ఎవర్ని తీసెయ్యాలి?